ఆగిందా?

కోరిస్ లోయలో, పలకరాళ్ళ గోడ వెనక,
మోకాలెత్తు బల్ల మీద ఇరవై అడుగుల పట్టాలు.
వాన ఇప్పుడే వెలిసింది, లేదా ఇంకా మొదలవలేదు.
వేల్స్‌లో ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదు.

ఇవాళ్టిది తిరగేసిన పందెం.
అందరికంటే ఆలస్యంగా చేరినవాడిదే గెలుపు.
పరుగెత్తి పాలు తాగే పని లేదు,
నిలబడి నీళ్ళు తాగడమూ కుదరదు:
ఆగితే అవుట్.
ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి సందులోంచి
మూరెడు ఇంజను నడిచిపోవాలి.

గడియారం నా చేతిలో. తీర్పరిని నేను,
నా బాయిలరు మార్చిలో చీలిపోయింది కనక.

ముందు రిస్ పెనాంట్.
ఇత్తడి మీద ఇంకా ఎవరి వేలిముద్రా పడని ఇంజను.
ఒక్క ఉరుకు ఉరికింది. యాభై సెకన్లు.
"దీనికి నెమ్మది తెలీదు" అన్నాడు,
పెంపుడు కుక్క గురించి చెబుతున్నట్టు.

మేరెడ్ ప్రోబర్ట్ బరువు కోసం
వెనక పది రాళ్ళబళ్ళు తగిలించింది.
నాలుగు నిమిషాలు దాటాక గాలి మళ్ళి
అడుగున స్పిరిటు మంట ఆరిపోయింది.
ఇంజను ఇంకో జానెడు నడిచింది,
ఆ సంగతి తనకెవరూ చెప్పనట్టు.

ఇక ఇద్వాల్ ప్రిథెర్క్. డెబ్బై తొమ్మిదేళ్ళు.
కుడిచేయి వణుకుతుంది, టీ సగం సాసర్లోకే.
ఆవిరి మీట కదలాల్సింది గోరులో పావువంతు,
ఆయన చేయి కొట్టుకునేది అరంగుళం.
అందుకని అల్లిక సూది ఒకటి మీటకు అతికించాడు,
తొమ్మిదంగుళాల బూడిదరంగు సూది.
కొసన ఎంత ఊగినా మొదట్లో కదిలేది నలుసంత.
జత సూది ఏదీ అని రిస్ అడిగాడు.
"వత్తులు ఎగదోయడానికి" అన్నాడు ఇద్వాల్.

చల్లటి సిలిండర్లు ముందు దగ్గాయి,
పొగగొట్టం నా చొక్కా చేతి మీద వేడినీళ్ళు ఉమ్మింది.
తర్వాత
ఛ్...
అని ఒక ఊపిరి. కాసేపు ఏమీ లేదు.
ఛ్...
చక్రం ఒక చుట్టుకు నాలుగు ఊపిర్లు.
జోరుగా పోయే ఇంజనులో అవన్నీ కలిసి ఒకటే గోల,
ఇక్కడ దేనికది, మెట్టుకో మాట చెబుతూ
మేడ ఎక్కుతున్న మనిషిలాగా.
నత్తనడక అనబోయి గోడవైపు చూశాను,
అక్కడ నిజం నత్త ఒకటి
ఇంజను కంటే మూడు రాళ్ళు ముందుంది.

ఐదు నిమిషాలు. ఏడు. ఎనిమిదిన్నర.
పంతొమ్మిదో అడుగు దగ్గర
కడ్డీ, ఇరుసు ఒకే గీతలోకి వచ్చాయి.
ఊపిరి రాలేదు.

"ఆగిందా?" అన్నాడు రిస్.

తడిగడ్డిలో మోకాళ్ళూని, చెంప పట్టాకు ఆనించాను.
కంటికి కనబడే కదలిక ఉండాలని రూలు.
ఎవరి కంటికి?
బఫరు కింద వేలాడే నీటిబొట్టులో గోడ తలకిందులుగా ఉంది,
గోడలో ఒక పగులు బొట్టు అంచువైపు
జరుగుతోందో,
నా రెప్పే కొట్టుకుందో.

ఇద్వాల్ ఇంజను వైపు చూడటం లేదు.
కళ్ళు మూసుకుని వింటున్నాడు.
సూది మాత్రం వణుకుతూనే ఉంది,
అప్పుడు తట్టింది నాకు: ఆ వణుకే సూది వెంట దిగి
ఆవిరిని గింజ గింజగా లోపలికి విదిలిస్తోంది.
నిలకడ చేతులున్న మేం
ఇంత నెమ్మదిని ఎక్కణ్ణించి తేగలం?

ఛ్...

నేనింకా నేల మీదే ఉన్నాను.
చక్రం గీత దాటడం చూశాను,
గడియారం నొక్కడం మరిచాను.

"ఎంత?" అన్నారు.
"చాలాసేపు" అన్నాను.
మేరెడ్ నావైపు ఒకసారి చూసి
పుస్తకంలో అదే రాసుకుంది.

ఇద్వాల్ అప్పటికే నీళ్ళు పోస్తున్నాడు,
సగం బాయిలర్లో,
సగం బూట్ల మీద.